చౌడు అనుకున్న చేను

2018 మార్చి 10, శనివారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఏలియా పై చేను వదిలేస్తున్నానని గ్రాహమ్ టప్పెన్‌తో చెప్పాడు. టప్పెన్ చెయ్యి చాపాడు. ఏలియా చెయ్యి కలిపాడు. కాగితం ఏదీ రాసుకోలేదు. ససెక్స్‌లోని హోల్ట్‌డీన్ ఊళ్లో పొలం సంగతి ఇప్పటికీ చెయ్యి కలిపితే తేలిపోతుంది.

ఏలియా కొడుకు షాలేమ్ 2011లో టప్పెన్ దగ్గర రెండు చేలు లీజుకు తీసుకున్నాడు. ఒకటి కొండ వాలు మీద, ఒకటి కొండ కింద. రెండింటిలోనూ ఒకే నర్సరీ నుంచి తెచ్చిన ఒకే రకం ద్రాక్ష, ఒకే వారంలో నాటాడు. 2014లో మొదటి కాపు కోశాడు. 2015 ఫిబ్రవరిలో, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద, వ్యాను చెట్టుకు గుద్దుకుని అతను పోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు. అతని తర్వాత రెండు చేలూ తండ్రే చూస్తూ వచ్చాడు. ఇప్పుడు తండ్రి నడుముకు ఆపరేషన్ అయింది. రెండు చేల పని ఇక వద్దని డాక్టరు చెప్పింది. ఒకటి ఉంచుకుని ఒకటి వదలాలి. టప్పెన్ కూతురికి గుర్రాల మేతకు నేల కావాలి. ఏది వదిలినా తీసుకుంటానన్నాడు టప్పెన్.

షాలేమ్ భార్య హెప్సి ఇప్పుడు లీడ్స్‌లో ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. పోయిన వారం భాగం ముగిసేసరికి ఆమె కారు ససెక్స్ దారిలో ఉంది. పక్క సీటులో రెండు సీసాలున్నాయి. వాటికి సీటు బెల్టు పెట్టింది.

మూడు గంటలకు ఆ కారు ఇంటి ముందు ఆగింది.

తలుపు తీసింది సుగుణకుమారి. కోడల్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. 

"వందనాలు అత్తయ్యా."

"వందనాలమ్మా. ఇట్టా చిక్కిపోయావేంటి? లీడ్స్‌లో అన్నం దొరకట్లేదా?"

"అన్నం దొరుకుద్ది అత్తయ్యా. వండుకునే టైమే దొరకట్లా."

ఏలియా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. సింకులో ప్లాస్టిక్ సీసాలు నీళ్లలో తేలుతున్నాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన ద్రాక్షరసం కరుగుతోంది. మర్నాడు స్లౌలో తెలుగు సంఘంవాళ్ల ఆరాధన, సంస్కారపు ఆదివారం. అక్కడ ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె విరిచేది, గిన్నె ఎత్తేది ఏలియాయే. గిన్నెలో పోసేది కింది చేను రసం. కోత రోజున సుగుణకుమారి దాన్ని కాచి, వడగట్టి, సీసాలకు పోసి పెడుతుంది. సంఘంలో దాన్ని షాలేమ్ రసం అంటారు. పిల్లలు రెండోసారి అడుగుతారు.

హెప్సి రెండు సీసాలూ బల్ల మీద పెట్టింది. లేబుళ్లు లేవు. గాజు మీద తెల్ల రంగుతో ఒకదానికి 'పై' అనీ, రెండోదానికి 'కింద' అనీ రాసి ఉంది. పదకొండేళ్ల వయసులో ఇంగ్లండు వచ్చిన షాలేమ్ తెలుగు రాత. ఏలియా ఆ అక్షరాలు చూశాడు. ఇవేంటని అడగలేదు.

ఆ ఇంట్లో వైన్ అనే మాట అనరు. షాలేమ్ పండు పండించాడు, పండు అమ్మాడు, అంతే. ఏలియా తండ్రి పల్నాటి పల్లెలో ప్రసంగీకుడు. ఆయన పొరుగువాళ్లతో ప్రమాణాలు చేయించి సారా మాన్పించాడు. ఏలియా నాలుక మీద ఎప్పుడూ మద్యం చుక్క పడలేదు. కొడుక్కి ఇది తెలుసు. అందుకని ఆ పండు వైనరీ గేటు దాటాక ఏమవుతుందో కొడుకు చెప్పలేదు, తండ్రి అడగలేదు.

"మావయ్యా, ఈ నెలాఖరుకి టప్పెన్‌కి చెప్పాలన్నారు గదా," అంది హెప్సి. "మీరు చెప్పేముందే ఇవి మీకు చూపించాలని వచ్చా."

"చెప్పేశానమ్మా. ఇందాకే చెప్పా."

"ఏది ఉంచుకున్నారు?"

"కిందిదే."

హెప్సి కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు ఇంకా విప్పలేదు.

"పైది ఇచ్చేశారా?"

"ఇచ్చేశా. ఏమ్మా, అట్టా చూస్తావ్? రెండూ వాడివే. రెండూ ఉంచుకోగలిగితే ఉంచుకోనా?"

"రెండూ తనవే మావయ్యా. తనకి కావాల్సింది మాత్రం పైదే."

సుగుణకుమారి స్టవ్ మీద టీ పెట్టబోతూ ఆగింది.

"వాడు నాతో అట్టా అన్లేదే," అన్నాడు ఏలియా.

"మీతో ఎట్టా అంటారు? ఏ మాట ఎత్తినా వైన్ మాట వస్తుందిగా. నాలుగేళ్లు, సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ అవే చేలల్లో పని చేశారు. ఆ పండు ఎందుకో ఒక్కసారన్నా మాట్లాడుకున్నారా?"

 ఏలియా చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు.

"నేను నేల చూడకుండా ఇచ్చాననుకుంటున్నావా అమ్మాయ్?" అన్నాడు చివరికి. "మా నాన్నకి వాక్యం ఒక చేతిలో ఉంటే నాగలి ఒక చేతిలో ఉండేది. రేగడి అంటే ఏంటో నాకు తెలుసు. కింది చేను మట్టి పిసికితే గోళ్లలోకి పోద్ది, బూటుకి పడితే వదలదు. అది పంట నేల. పైన జానెడు తవ్వితే తెల్లటి మట్టిగడ్డలు. మా ఊళ్లో తెల్లనేల అంటే చౌడు. చౌడులో ఏం పండుద్ది?"

2011 ఏప్రిల్లో ఈ మాటే కొడుకుతోనూ అన్నాడు. అప్పుడు షాలేమ్ ఒక తెల్లటి గడ్డ తీసి తండ్రి అరచేతిలో పెట్టాడు. "చౌడు కాదు డాడీ. ఇట్స్ చాక్. బడిలో బోర్డు మీద రాసే సుద్ద. ట్రస్ట్ మీ," అన్నాడు. ఏలియా ఆ గడ్డను గట్టు మీద పారేశాడు. షాలేమ్ నవ్వాడు. తండ్రి కోసం కింది చేను కూడా తీసుకున్నాడు.

ఆ చివరి సంగతి ఏలియాకు ఇప్పుడే తెలిసింది. హెప్సి చెప్పింది.

"నాకోసమా?"

"మీరు ఆ మట్టి పిసికి మురిసిపోయారంట. డాడీకి ఇది నచ్చింది, ఇదీ తీసుకుందాం అన్నారు. ద్రాక్ష సాగు నేర్పిన కాలేజీ సారు వద్దన్నాడు. బంకమన్ను, చలి పట్టుకుని కూర్చుంటుంది, పల్లం కాబట్టి మంచు అంతా అక్కడికే జారుద్ది అన్నాడు. పోయినేడు ఏప్రిల్లో ఏమైంది? కింది చేను చిగురు మొత్తం ఒక్క రాత్రికి మాడిపోలా? పై చేను ఒక్క ఆకు కూడా నల్లబడలా."

"అది ఒక్క ఏడే గదా."

"సరే, ఒక్క ఏడే. పండు సంగతి చెప్పండి."

"పండు సంగతే చెప్తున్నా. నేను నోట్లో వేసుకుని చూడకుండా ఉన్నానా? ప్రతి కోతకీ చూశా. కిందిది తేనె. పైది నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిసేవి. రసం తీసినా అంతే. సంఘంలో ఎవరికి పోసినా కిందిదే కావాలన్నారు. పైది ఒకసారి కాచి చూసింది మీ అత్తయ్య. అయిదు గరిటెల పంచదార వేసినా ఎవరూ తాగలా."

"నిజమేనమ్మా," అంది సుగుణకుమారి. "సంఘ పెద్ద క్రిస్టఫర్ అంకుల్ అయితే, సిలువ మీద యేసయ్యకిచ్చిన చేదు చిరకా ఇది అని అడిగాడు."

హెప్సి నవ్వలేదు. సీసా మూతకు చుట్టిన వైరు విప్పడం మొదలుపెట్టింది.

"పులుపే కావాలి మావయ్యా. మీరు రసం చూసి తూకం వేశారు. ఇది రసంతో తేలేది కాదు. పులిసేటప్పుడు తీపినంతా ఈస్ట్ తినేస్తుంది. తీపి పోయాక ఏం మిగుల్తుందో అదీ లెక్క. కింది మట్టిలో వేరు పైపైనే ఉంటుంది, తేమ దండిగా దొరుకుద్ది, పండు లావెక్కుద్ది. తీపి తీసేస్తే లోపల ఏమీ ఉండదు. పైన సుద్దలో వేరు పగుళ్లు వెతుక్కుంటా కిందికి పోతుంది. సుద్ద నీళ్లు దాచుకుని కొంచెం కొంచెమే ఇస్తుంది. ఆ పులుపు ఎక్కడికీ పోదు. అదే మొక్క. అదే ఎండ. నేలొక్కటే వేరు."

"నాకెట్టా తెలుస్తుందమ్మా అది?"

"తెలీదు. మీరు తాగరుగా."

 సింకులో ఒక సీసా పక్కకి ఒరిగింది.

హెప్సి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు తగ్గించింది. 2014 పంటను షాలేమ్ రెండు చేలూ కలపకుండా విడివిడిగా పులియబెట్టించాడు. అంత కొద్ది పంటను ఎవరూ విడదీయరని వైనరీవాళ్లు చెప్పినా వినలేదు. 2015 జనవరిలో సీసాలకు పోయించాడు. మూడేళ్లు కదపవద్దన్నాడు. మూడేళ్లు నిండాయని పోయిన నెల వైనరీవాళ్లు హెప్సికి ఫోన్ చేశారు. ఆ తర్వాతి పంటలన్నీ కలిపి అమ్మేసినవే. షాలేమ్ చేతితో చేసినవి ఇవి మాత్రమే.

"మూడేళ్లయ్యాక డాడీకి చూపిస్తానన్నారు. తాగకపోయినా వాసన చూస్తే చాలు, నేను ఎందుకు పైకి ఎక్కుతున్నానో తెలుస్తుంది అన్నారు."

ఏలియా కుర్చీలో కదిలాడు. "తియ్యమ్మా," అన్నాడు.

"ఏవండీ," అంది సుగుణకుమారి. "రేపు మీరు బల్ల దగ్గర నిలబడాలి."

"తెలుసు."

ఆ ఇంట్లో వైన్ గ్లాసులు లేవు. సుగుణకుమారి టీ గ్లాసులు కడిగి తుడిచింది. రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టాక కోడలి వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఉమ్మేయొచ్చా?" అని అడిగాడు ఏలియా.

"ఉమ్మేయొచ్చు. వైనరీలో పనిచేసేటప్పుడు నేను రోజూ అదే చేసేదాన్ని."

"పెళ్లికి ముందు ఈ మాట మీ నాన్న మాకు చెప్పలా."

"పెళ్లయ్యాకే గదా మావయ్యా నన్ను ఆ పనిలో పెట్టింది మీ అబ్బాయి."

సుగుణకుమారి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

హెప్సి మొదట 'కింద' అని రాసిన సీసా వంచింది. బుడగలు పైకి వచ్చాయి. ఏలియా గ్లాసు ఎత్తి వాసన చూశాడు, నోట్లో పోసుకున్నాడు, లేచి సింకులో ఉమ్మేశాడు. వచ్చి కూర్చున్నాడు.

"ఇది మన రసం కాదే," అన్నాడు.

"అదే మావయ్యా. తీపి లేని మన రసం."

"మొదట బ్రెడ్డు వాసన వచ్చింది. తర్వాత ఏదీ లేదు. నీళ్లు."

రెండో గ్లాసులో 'పై' సీసా వంచింది. ఏలియా గ్లాసు పట్టుకున్నాడు. ఈసారి వాసన చూడడానికి ఎక్కువసేపు పట్టింది. ఒక గుక్క నోట్లో పెట్టుకున్నాడు. కోతల్లో పళ్లు పులిసిన ఆ పులుపే వచ్చింది. అది గుర్తుపట్టాడు. ఈసారి పులుపు ఆగి నిలబడింది. దాని వెనక సున్నం కొట్టిన గోడ మీద వాన పడినప్పటి వాసన. ఆ వెనక కాలిన రొట్టె. అది పోతుందేమోనని చూశాడు. పోలేదు.

ఏలియా సింకు వైపు వెళ్లలేదు. మింగాడు.

"దీన్లో రొట్టె ఉందే," అన్నాడు.

"ఉంది మావయ్యా. ఈస్ట్ మీద మూడేళ్లు పడుకుంది. రెండిట్లోనూ పడ్డది అదే ఈస్ట్. దీన్లో నిలబడింది."

"ద్రాక్షలో రొట్టె. వాడు నాకు ఇది చెప్తే..." అని ఆగాడు. ముప్పై ఏళ్లుగా నెలకొకసారి ఒక చేత్తో రొట్టె, ఒక చేత్తో గిన్నె ఎత్తుతున్న మనిషి. గ్లాసు బల్ల మీద పెట్టి రెండు చేతులతో చుట్టుకున్నాడు.

"చెప్తే నువ్వు వినేవాడివేనా?" అంది సుగుణకుమారి.

పెళ్లయ్యాక ఆమె భర్తను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆమె కూడా అది గమనించినట్టు లేదు.

"ఫోన్ చెయ్యండి మావయ్యా," అంది హెప్సి. "ఆయనకి చెప్పి పూట కూడా కాలేదు. మాట మార్చుకుందాం. కింది చేను ఇస్తామని చెప్పండి."

"చెయ్యి కలిపానమ్మా."

"కలిపితే?"

"ఈ ఊళ్లో మనం తొమ్మిదేళ్ల నుంచి ఉంటున్నాం. నేనొక మాట అని తప్పానని ఎవరన్నా అన్నారా? వాడికి ఆ చేలు ఇచ్చిందే ఆ మాట చూసి. మీ నాన్న సంగతి నాకు తెలుసులే అన్నాడంట టప్పెన్, వాడితో."

"అయితే మీ మాట ఉంచుకోండి. చేను పోనివ్వండి."

 సుగుణకుమారి కౌంటర్ మీది ఫోన్ తీసింది. కేర్ హోమ్‌లో పదిహేనేళ్లు రాత్రి షిఫ్టులు చేసి, డాక్టర్లను నిద్ర లేపి మాట్లాడిన మనిషి. స్పీకరు పెట్టి టప్పెన్‌కు డయల్ చేసింది.

టప్పెన్ వెంటనే ఎత్తాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పింది: పొరపాటు జరిగింది, పై చేను మేమే ఉంచుకుంటాం, కింది చేను తీసుకోండి.



"సుగుణా, ఆ కింది నేల చిత్తడి. గుర్రాల గిట్టలు కుళ్లిపోతాయి. ఏదైనా తీసుకుంటానన్నాను గానీ, పైది వచ్చిందనే సంతోషించాను," అన్నాడు టప్పెన్. తర్వాత, "అయినా ఇప్పుడేం చేస్తాం? డ్రెయిన్ల పనికి తెచ్చిన డిగ్గర్ కొండ మీదే ఉంది. రెండు గంటలకే చేలోకి దిగి తీగలు పీకడం మొదలుపెట్టింది," అన్నాడు.

"ఇవాళేనా? ఇంత తొందరగా ఎవరు తీయమన్నారు?"

"ఏలియాయే. ఎప్పుడు తీసినా సరే, తొందరగా తీసెయ్యి, నేను చూడలేను అన్నాడు. అందుకే ఇవాళే పెట్టించాను. మంచి చేస్తున్నాననుకున్నాను."

సుగుణకుమారి ఫోన్ పెట్టేసి భర్త వైపు చూసింది. ఏలియా అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు. నడుము వంగడం లేదు. హెప్సి మోకాళ్ల మీద కూర్చుని లేసులు కట్టింది.

నాలుగు దాటాక ముగ్గురూ కొండ మీద గేటు దగ్గర కారు దిగారు. గేటు తెరిచే ఉంది. గేటు వైపు వరసలు లేవు. వైర్లు కోసి చుట్టలు చుట్టి పెట్టారు. గుంజలు ఒక కుప్ప, తీగలు ఒక కుప్ప. తెల్లనేల మీద డిగ్గర్ చక్రాల చారలు. పై వరసలు ఇంకా నిలబడి ఉన్నాయి. డిగ్గర్ వాటి వైపు తిరుగుతోంది.

ఏలియా దాని ముందుకు నడిచి చెయ్యి ఎత్తాడు. డ్రైవరు ఇంజను ఆపి తల బయటపెట్టాడు.

"ఆపు," అన్నాడు ఏలియా.

"గ్రాహమ్ చెప్పకుండా ఆపలేను సార్."

"అయితే అడుగు."

చేలో సిగ్నల్ దొరకదు. డ్రైవరు దిగి, ఫోన్ పట్టుకుని, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లాడు.

ఏలియా తీగల కుప్ప దగ్గరికి వెళ్లాడు. ఒక మొక్కను మొదలు పట్టి లాగాడు. వేరు చివర తెల్లటి సుద్దగడ్డ వేలాడుతోంది. అంటుకుని ఉందనుకుని విదిలించాడు. రాలలేదు. తిప్పి చూశాడు. వేరు గడ్డలో ఒకవైపు దూరి రెండోవైపు బయటికి వచ్చింది. వేలు లావు వేరు, వెంట్రుక సందులోంచి. లాగి చూశాడు. రెండూ విడిపోలేదు.

"ఏడేళ్లు," అంది హెప్సి. 

ఏలియా వేరును మోకాలి మీద పెట్టి విరిచాడు. గడ్డ అతని చేతిలో మిగిలింది. దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని గేటు దగ్గరికి నడిచాడు. సుగుణకుమారి గేటు బయటే, డ్రైవరుకు కొంచెం దూరంగా నిలబడి ఉంది.

"సుగుణా. క్రిస్టఫర్‌కి ఫోన్ చెయ్యి. రేపు బల్ల దగ్గర అతన్నే నిలబడమను."

"ఏమని చెప్పను?"

"నేను మాట తప్పానని చెప్పు. తాగానని కూడా చెప్పు."

గేటు గుంజకు గొలుసు వేలాడుతోంది. షాలేమ్ కొన్న గొలుసు, షాలేమ్ కొన్న తాళం. ఏలియా గేటు మూసి, గొలుసు రెండు చుట్లు చుట్టి, లోపలి నుంచి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. హెప్సి అతని పక్కకు వచ్చి నిలబడింది. ఫోన్‌లో మాట్లాడుతున్న డ్రైవరు మాట ఆపి వాళ్లను చూశాడు. అతని డిగ్గర్ లోపలే ఉంది.

అయిదుంబావుకు టప్పెన్ ల్యాండ్ రోవర్ కొండ ఎక్కి గేటు ముందు ఆగింది. టప్పెన్ దిగాడు. గొలుసు చూశాడు, పీకేసిన వరసలు చూశాడు, ఏలియాను చూశాడు. గేటు దగ్గరికి వచ్చి, పై కడ్డీ మీదుగా, మధ్యాహ్నం చాపినట్టే, చెయ్యి చాపాడు.

ఏలియా ఎడమ చేతిలో సుద్దగడ్డ ఉంది. కుడి చెయ్యి జేబులో, తాళంచెవి మీద ఉంది.